తెల్లకళ్ల డ్రోసోఫిలా క్రాస్‌లో రాకూడని ఈగలు వచ్చాయి, ఇది నాన్‌డిస్‌జంక్షనేనా?

జయనగర్_జువాలజీ

నమస్కారం. బెంగళూరులో ఎమ్మెస్సీ రెండో సెమిస్టర్. లింగ సహలగ్నత (జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం) ప్రాక్టికల్‌కి తెల్లకళ్ల ఆడవాటిని ఎర్రకళ్ల మగవాటితో కలిపాను. వయల్‌కి ఐదేసి జతలు, నాలుగు వయల్స్, 25 డిగ్రీల బీఓడీ ఇన్‌క్యుబేటర్‌లో. తల్లిదండ్రుల్ని 5వ రోజు తీసేశాను. లెక్క ప్రకారం ఎఫ్1లో (మొదటి తరం పిల్లల్లో) ఆడవన్నీ ఎర్రకళ్లతో, మగవన్నీ తెల్లకళ్లతో రావాలి. 10, 13, 16, 20, 24వ రోజుల్లో లెక్కపెడితే ఇలా వచ్చాయి:

ఎర్రకళ్ల ఆడవి 142
తెల్లకళ్ల మగవి 136
తెల్లకళ్ల ఆడవి 23
ఎర్రకళ్ల మగవి 14

315లో 37 రాకూడనివే. నాన్‌డిస్‌జంక్షన్ (క్రోమోజోములు విడిపోకపోవడం) అని రికార్డులో రాసేయమని తోటివాళ్లు అంటున్నారు. రాయొచ్చా? వర్జిన్ల (ఇంకా జతకట్టని ఆడవాటి) కోసం స్టాక్ బాటిల్‌ని (తెల్లకళ్ల ఈగల్ని పెంచే సీసాని) సాయంత్రం 6కి ఖాళీ చేసి, మర్నాడు పొద్దున 9కి ఆడవాటిని ఏరాను. రాత్రంతా బాటిల్ ల్యాబ్ బల్ల మీదే ఉంది.

ఈగలగది

అలా రాయకండి. ఆ వివరణ ఎందుకు అతికినట్టు కనిపిస్తుందో ముందు చూద్దాం. తల్లిలోని రెండు ఎక్స్‌లు విడిపోకుండా ఒకే అండంలోకి పోయి, దానికి తండ్రి వై కలిస్తే తెల్లకళ్ల ఎక్స్‌ఎక్స్‌వై పుడుతుంది. ఎక్స్ లేని అండానికి తండ్రి ఎక్స్ కలిస్తే ఎర్రకళ్ల ఎక్స్‌ఓ పుడుతుంది. డ్రోసోఫిలాలో ఆడా మగా తేల్చేది ఎక్స్‌ల సంఖ్యే కాబట్టి మొదటిది ఆడది, రెండోది మగది అవుతాయి. (మనుషుల్లో ఎక్స్‌ఎక్స్‌వై మగబిడ్డే అవుతాడు, అక్కడ నిర్ణయం వై మీది ఎస్‌ఆర్‌వై జన్యువుది.) అంటే మీకు వచ్చిన రెండు రకాలూ జన్యుశాస్త్రవేత్త బ్రిడ్జెస్ 1916లో వివరించినవే.

రకాలు సరిపోయాయి గానీ సంఖ్య సరిపోలేదు. మామూలు తల్లిలో ఇది 2000 పిల్లల్లో ఒకదానికి జరిగే సంగతి. 315 ఈగల్లో ఒకటి కనిపించినా అదృష్టమే. తల్లే ఎక్స్‌ఎక్స్‌వై అయితే 4 శాతం దాకా వస్తాయి. మీకు వచ్చింది దాదాపు 12 శాతం.

మొత్తాలు చూసి కారణం చెప్పలేం. ఏ వయల్‌లో, ఏ రోజున, ఏ రకం వచ్చిందో రాయండి. తెల్లకళ్ల "ఆడవి" నిజంగా ఆడవేనా అన్నదీ చూడండి. అప్పుడే బయటికొచ్చిన మగదాని పొట్ట చివర ఇంకా నల్లబడదు, అందుకే ఆడదని పొరబడతాం. పొట్ట రంగును నమ్మకుండా ముందుకాళ్ల మీద మగవాటికే ఉండే సెక్స్ కోంబ్ ఉందేమో చూడాలి. ఈగ పుట్టిన నిమిషం నుంచే అది నల్లటి చిన్న దువ్వెనలా కనిపిస్తుంది.

జయనగర్_జువాలజీ

తెల్లకళ్ల ఆడవి 70 శాతం ఆల్కహాల్‌లో ఉన్నాయి, ఇప్పుడే చూశాను. 23లో ఒక్కదానికీ సెక్స్ కోంబ్ లేదు. విడివిడి లెక్క ఇదీ:

1, 2, 4 వయల్స్, 20వ రోజు వరకు: ఎర్ర ఆడవి 98, తెల్ల మగవి 86. వేరే ఏవీ లేవు.
3వ వయల్, 20వ రోజు వరకు: ఎర్ర ఆడవి 27, తెల్ల మగవి 34, తెల్ల ఆడవి 11. ఎర్ర మగవి లేవు. తెల్ల ఆడవి 10వ రోజు నుంచే ఉన్నాయి.
నాలుగు వయల్స్ కలిపి, 24వ రోజు: ఎర్ర ఆడవి 17, తెల్ల మగవి 16, తెల్ల ఆడవి 12, ఎర్ర మగవి 14.

ఈగలగది

ఇంత శుభ్రంగా రాసిపెట్టుకున్నారు కాబట్టే దొరికింది. ఇక్కడున్నవి రెండు వేర్వేరు తప్పులు.

మొదటిది 3వ వయల్‌ది. అందులో ఒకటో రెండో ఆడవి వర్జిన్లు కావు, స్టాక్ బాటిల్‌లోనే తెల్లకళ్ల అన్నదమ్ములతో జతకట్టేశాయి. ఆడ ఈగ వీర్యాన్ని లోపల దాచుకుని రోజుల తరబడి వాడుకుంటుంది. పాత వీర్యంతో పుట్టినవన్నీ, ఆడైనా మగైనా, తెల్లకళ్లతోనే వస్తాయి. అందుకే ఆ వయల్‌లో తెల్ల ఆడవి కనిపించాయి, తెల్ల మగవి ఎర్ర ఆడవాటికంటే ఎక్కువయ్యాయి, ఎర్ర మగది మాత్రం ఒక్కటీ రాలేదు. నాన్‌డిస్‌జంక్షనే అయితే ఎర్ర మగవి కూడా అదే రోజుల్లో రావాలి కదా. తర్వాత కలిసిన మగదాని వీర్యం ముందుదాన్ని చాలావరకు పక్కకు నెట్టేస్తుంది, కాబట్టి తప్పు పూర్తిగా బయటపడదు, కొద్దిగానే తొంగిచూస్తుంది.

రెండోది 24వ రోజు లెక్క. అవి ఎఫ్1 కావు, ఎఫ్2, అంటే రెండో తరం. మీరు లెక్కకీ లెక్కకీ మధ్య మూడు నాలుగు రోజులు వదిలారు. 10వ రోజు లెక్క అయ్యాక పుట్టిన ఎఫ్1 ఆడవి 13వ రోజు దాకా ఆ వయల్‌లోనే ఉన్నాయి. ఎనిమిది పది గంటల్లో జతకడతాయి, 12వ రోజుకల్లా గుడ్లు పెడతాయి. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి ఈగకు పది రోజులు. అంటే 22వ రోజు నుంచి మనవలు బయటికొస్తున్నారు. ఎఫ్1 ఎర్ర ఆడది, తెల్ల మగది కలిస్తే నాలుగు రకాలూ సమానంగా రావాలి. మీ 17, 16, 12, 14 అచ్చం అదే.

ఇకపై మొదటి ఈగ కనిపించిన రోజు నుంచి ఎనిమిది రోజులు లెక్కపెట్టి ఆపేయండి. అంతకుమించి ఒక్క ఈగనీ కలపొద్దు.

చెన్నై_జెనెటిక్స్

పైన చెప్పినది నూటికి నూరుపాళ్లూ సరి. వర్జిన్ల సంగతి నేను చెబుతాను, ఈ ప్రాక్టికల్ చెడేది ఎక్కువగా అక్కడే.

25 డిగ్రీల్లో ఆడ ఈగ పుట్టిన ఎనిమిది గంటల దాకా మగదాన్ని దగ్గరికి రానివ్వదు, ఆ తర్వాత భరోసా లేదు. మీరు వదిలింది 15 గంటలు. సాయంత్రం ఏడింటికి పుట్టినదానికి తెల్లారేసరికి పెళ్లైపోయి ఉంటుంది. రాత్రంతా బాటిల్‌ని 18 డిగ్రీల్లో పెడితే 15, 16 గంటలు ఆగొచ్చు. 18 డిగ్రీల బీఓడీ ఖాళీ లేకపోతే పొద్దున 7కి బాటిల్ పూర్తిగా ఖాళీ చేయండి, ఆ ఈగల్ని వాడకండి. తర్వాత 11కి, మధ్యాహ్నం 3కి, సాయంత్రం 6కి ఏరండి. ఈగలు ఎక్కువగా పొద్దున పూట పుడతాయి కాబట్టి 11 గంటల ఏరుడులోనే సగం పని అవుతుంది. పాలిపోయిన రంగు, ఉబ్బిన ఒళ్లు, పొట్టలోంచి మెకోనియం (పేగులోని తొలి మలం) నల్లచుక్కలా కనబడటం, ఇవి ఉంటే గంటల పసిది అని అర్థం.

ఏరినవాటిని వెంటనే మగవాటితో వేయకండి. వయల్‌కి పది చొప్పున మూడు నాలుగు రోజులు విడిగా ఉంచండి. వర్జిన్ కూడా గుడ్లు పెడుతుంది, అవి పొదగవు. మేతలో పురుగులు పాకితే ఆ వయల్ మొత్తం పారేయండి. ఈ ఒక్క పని చేసుంటే మీ 3వ వయల్ అసలు మొదలయ్యేదే కాదు.

మేత గురించి ఒక మాట. లీటరు నీటికి రవ్వ 100 గ్రాములు, బెల్లం 100, అగర్ 10, ప్రొపియోనిక్ ఆమ్లం 7.5 మిల్లీలీటర్లు. ఆమ్లాన్ని పొయ్యి మీద ఉండగా పోస్తే ఆవిరై బూజు పడుతుంది, దించి కాస్త చల్లారాక కలపాలి. వేసవిలో గది 30 డిగ్రీలు దాటితే మగవి గొడ్డుపోతాయి. మాకు చెన్నైలో ఏప్రిల్, మేల్లో బీఓడీ లేకుండా ఈ క్రాస్ పెట్టడం దండగ. బెంగళూరులో కూడా ఆ రెండు నెలలు గది వేడిని నమ్మొద్దు.

రికార్డు విషయం. 24వ రోజు లెక్కను, 3వ వయల్‌ని కారణం రాసి పక్కన పెట్టండి. 3వ వయల్‌లోంచి తెల్ల ఆడవాటిని మాత్రమే తీసేసి మిగతావి ఉంచుకోవడం కుదరదు, అందులోని తెల్ల మగవాటిలో ఏది ఎవరి బిడ్డో తెలియదు కదా. మిగిలిన 98, 86కి 1:1 అంచనాతో చై స్క్వేర్ (అంచనాకీ వచ్చినదానికీ తేడా కొలత) 0.78. పరిమితి 3.84. బాగానే ఉంది. తీసేసిన అంకెలు కూడా పట్టికలో కనిపించాలి. తెల్లకళ్ల ఈగలపై పనిచేసిన జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ 1910లో ఎఫ్1లో 1237 ఎర్రకళ్లవాటితో పాటు వచ్చిన 3 తెల్లకళ్ల మగవాటిని కూడా అచ్చువేశాడు, దాచలేదు.

జయనగర్_జువాలజీ

చాలా థాంక్స్ సార్, ఇద్దరికీ. మరో సందేహం. రెసిప్రోకల్ క్రాస్ కూడా పెట్టాను, ఎర్ర ఆడవి, తెల్ల మగవి. ఆ వర్జిన్లను కూడా ఇలాగే పొద్దున 9కి ఏరాను. ఎఫ్1 అన్నీ ఎర్రకళ్లే వచ్చాయి. అది బాగున్నట్టేనా?

ఈగలగది

బాగున్నట్టు కనిపిస్తుంది, అంతే. ఆ ఎర్ర ఆడవి ముందే ఎర్ర అన్నదమ్ములతో కలిసి ఉన్నా ఎఫ్1 అంతా ఎర్రగానే వస్తుంది. మొదటి క్రాస్‌లో తప్పు తెల్ల ఆడదై బయటపడింది, ఇక్కడ బయటపడే దారే లేదు. ఎఫ్2లో తెల్ల మగవి నాలుగో వంతుకంటే తగ్గినప్పుడు గానీ తెలియదు, అప్పుడు కూడా తేల్చుకోవడం కష్టం. మోర్గాన్ ఎఫ్2లోనే ఎర్ర ఆడవి 2459, ఎర్ర మగవి 1011, తెల్ల మగవి 782. 2:1:1కి చై స్క్వేర్ కడితే దాదాపు 129 వస్తుంది. తెల్లకళ్లవి బలహీనం కాబట్టి కొన్ని ఎలాగూ తగ్గుతాయి. మీకు తగ్గితే అది బలహీనత వల్లో, వర్జిన్ తప్పు వల్లో మొత్తం లెక్క చెప్పదు.

అందుకని ఎఫ్1ని గుంపుగా కలపకండి. పసి ఎఫ్1 ఆడవాటిని ఏరి, ఒక్కోదాన్ని ఒక్క ఎఫ్1 మగదానితో ఒక్కో వయల్‌లో వేయండి, పన్నెండు వయల్స్ చాలు. నిజమైన ఎఫ్1 ఆడదానికి కొడుకుల్లో సగం తెల్లకళ్లతో రావాలి. ఒక వయల్‌లో 20 మంది కొడుకులూ ఎర్రకళ్లే అయితే, మామూలుగా అలా జరిగే అవకాశం పది లక్షల్లో ఒకటి. ఆ వయల్ తల్లి మీ క్రాస్ బిడ్డ కాదు, స్టాక్ బిడ్డ. దాన్ని తీసేసి మిగతావి లెక్కకట్టండి.