లియొనార్డో డావిన్సీ పేరు మీద అవార్డు, కానీ ఫీజు కట్టమంటున్నారు. తెలిసినవారు చెప్పండి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి బొమ్మలు చూస్తూ పెరిగిన మనిషి. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఎర్రసుద్దతో చేతుల బొమ్మలు వేస్తారు. లియొనార్డో కూడా ఎర్రసుద్దతో గీసేవాడని చెప్పి, గోరంచున నీడ ఎలా పడుతుందో ఇప్పటికీ నాకు చూపిస్తుంటారు.

పోయిన వారం ఇటలీ నుంచి ఆయనకు ఒక మెయిల్ వచ్చింది. లియొనార్డో స్మృతిగా ఇచ్చే అంతర్జాతీయ పురస్కారానికి ఎంపికయ్యారట. సర్టిఫికెట్, పతకం, పుస్తకంలో రెండు పేజీలు ఇస్తారట. అయితే ముందు కొన్ని వందల యూరోలు కట్టాలి. బొమ్మలు తామెక్కడ చూశారో, జ్యూరీలో ఎవరున్నారో మాత్రం రాయలేదు.

ఇటలీలో రెండేళ్ళకోసారి పెట్టే కళా ప్రదర్శన ఫ్లోరెన్స్ బియన్నాలే 1997 నుంచి జరుగుతోందని, అక్కడ కూడా లియొనార్డో పేరిట పురస్కారం ఉందని తెలుసు. ఈ మెయిల్ వాళ్ళది కాదు. పైగా అక్కడ పాల్గొనే కళాకారులే ఖర్చు పెట్టుకుంటారు కాబట్టి, ఫీజు అడిగినంత మాత్రాన మోసమనీ అనలేకపోతున్నాను.

ఇలాంటివాటికి డబ్బు కట్టి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అక్కడ నిజంగా ప్రదర్శన జరిగిందా? బొమ్మలు పంపి వెనక్కి తెచ్చుకోవడానికి వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నే (వస్తువుల్ని సుంకం కట్టకుండా తాత్కాలికంగా విదేశానికి పంపి వెనక్కి తెచ్చుకునే కస్టమ్స్ పత్రం) తీసుకున్నవాళ్ళుంటే, పూచీకత్తు ఎంత కట్టారో కూడా చెప్పండి.

నాన్నగారు ఆ మెయిల్ ప్రింటు తీయించి దిండు కింద పెట్టుకున్నారు. జవాబివ్వడానికి ఇంక పది రోజులే గడువుంది.