'సియెంబ్రా' తర్వాత ఏ సాల్సా ఆల్బమ్‌లు వినాలి?

ఇక్కడ సాల్సా (లాటిన్ అమెరికా నృత్య సంగీతం) వినేవాళ్లు ఎవరైనా ఉన్నారా? డాన్స్ క్లాసుల్లో వేసే మిక్స్‌లు కాదండీ, మొదటి పాట నుంచి చివరిదాకా కూర్చుని వినదగ్గ ఆల్బమ్‌లు కావాలి.

నన్ను ఇందులోకి లాగింది విల్లీ కొలోన్, రూబెన్ బ్లేడ్స్ కలిసి 1978లో తెచ్చిన 'సియెంబ్రా'. అందులో 'పెద్రో నవాహా' పాట ఏడు నిమిషాల పైనే ఉంటుంది. మొదట్లో దరువు, గొంతు తప్ప పెద్దగా ఏమీ వినబడదు. చరణం చరణానికీ వాయిద్యాలు వచ్చి చేరుతుంటాయి. ఇక ట్రాంబోన్లు అందుకున్నాక చూడాలి! నాకు స్పానిష్ రాదు, అయినా కత్తి పట్టుకుని వీధిలో తిరిగే ఆ రౌడీ కళ్లముందు కనిపిస్తాడు.

తర్వాత సెలియా క్రూజ్, జానీ పచేకోల 'సెలియా అండ్ జానీ' (1974), ఎక్టర్ లావో 'కొమేదియా' (1978) విన్నాను. రెండూ బాగా నచ్చాయి. కానీ ఇవన్నీ న్యూయార్క్ ఫానియా రికార్డు కంపెనీవే. ఎక్కడ వెతికినా ఆ పేరే తగులుతోంది.

ప్యూర్టో రికో బృందం ఎల్ గ్రాన్ కొంబో 1962 నుంచీ ఉంది, బోలెడన్ని ఆల్బమ్‌లు. ఎక్కడ మొదలుపెట్టాలి? కొలంబియా నుంచి జో అరోయో, గ్రూపో నీచేలవి ఏవి వినాలి? ఎడ్డీ పాల్మియేరి పియానో కొత్తవాళ్లకు ఎక్కుతుందా?

ఎనభైల నాటి మెత్తటి ప్రేమ సాల్సా మాత్రం వద్దు, నా వల్ల కాదు. ఒక్క ఆల్బమ్ చెప్పినా చాలు, అందులో ముందు ఏ పాట వినాలో కూడా రాయండి.