మోకాళ్ల నొప్పులున్న అమ్మను డెరింకుయు భూగర్భ నగరంలోకి తీసుకెళ్లవచ్చా?

అందరికీ నమస్కారం. అక్టోబరులో అమ్మా నేనూ టర్కీలోని కపడోకియా వెళ్తున్నాం. అందరూ వేడిగాలి బెలూన్ల కోసం వెళ్తారు గానీ అమ్మ మనసంతా డెరింకుయు మీదే ఉంది. మెత్తటి అగ్నిపర్వత రాతిని తొలుచుకుంటూ సుమారు 85 మీటర్ల లోతు దాకా దిగిన ఊరది. శత్రువులు వస్తే లోపలి నుంచే దొర్లించి దారి మూసేసే గుండ్రటి రాతి తలుపులు, ఒక్కోదాని మధ్యలో చిన్న కన్నం... వీడియోలో చూసినప్పటి నుంచి ఇంట్లో అదే మాట.

నా టెన్షనల్లా మెట్ల గురించే. అమ్మకు 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కొన్నిచోట్ల నడుం బాగా వంచి ఒక్కొక్కరే వెళ్లాలట. మధ్యలో ఇక చాలనుకుంటే వెనక్కి రావడానికి వీలుంటుందా, లేక ఎదురొచ్చే గుంపు దాటేదాకా ఆగాల్సిందేనా? పశువుల కొట్టాలు పై అంతస్తుల్లోనే ఉన్నాయని చదివాను. అంతవరకే చూసి వచ్చేస్తే ఆ రాతి తలుపు ఒక్కటైనా కనిపిస్తుందా?

దగ్గర్లోనే ఉన్న కైమక్లి అనే మరో భూగర్భ నగరంలో సందర్శకులకు తెరిచినవి నాలుగు అంతస్తులే. అమ్మకు అదే నయమా, అక్కడి దారులు ఇంకా ఇరుకా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.