మ్యోడ్లారాయిట్‌ను చీల్చింది 1810 హద్దురాళ్లా, 1952 ఉత్తర్వా?

పాతపటం: జర్మనీలో సుమారు 50 మంది ఉండే మ్యోడ్లారాయిట్ అనే ఊరికి, బెర్లిన్‌లాగే గోడతో రెండుగా చీలిందని ‘చిన్న బెర్లిన్’ అని పేరు తగిలించి, పాపమంతా ప్రచ్ఛన్న యుద్ధం మీదికి తోసేస్తున్నారు. ఊరి మధ్య టాన్‌బాఖ్ వాగు వెంట హద్దురాళ్లు పాతింది 1810లో. ఒక ఒడ్డు బవేరియా రాజ్యానిది, రెండోది రాయిస్ సంస్థానానిది. 1920లో రాయిస్ తురింజియా రాష్ట్రంలో (తర్వాత తూర్పు జర్మనీలోకి వెళ్లింది ఇదే) కలిసింది. 1945 తర్వాత, ఓడిన జర్మనీని పంచుకున్న అమెరికా, సోవియట్ ఆక్రమణ మండలాలకు కొత్త గీత గీయలేదు, ఈ పాత గీతే హద్దయింది.

గట్టుమీద: గట్టురాయి వేరు, గోడ వేరండీ. ఆ రాళ్లు ఉండగానే రెండు వైపుల పిల్లలూ తురింజియా ఒడ్డున ఉన్న బడికే వెళ్లేవారు, చర్చికి అందరూ బవేరియాలోని ట్యోపెన్‌కు వెళ్లేవారు. దీన్ని తెంపింది 1952 మే 26 నాటి తూర్పు జర్మనీ ఉత్తర్వు. హద్దు పక్కనే 10 మీటర్ల దున్నిన పట్టీ (అడుగు పడితే జాడ కనపడాలి), దాని వెనక 500 మీటర్ల రక్షణ పట్టీ, ఆపైన 5 కిలోమీటర్ల నిషిద్ధ మండలం. తూర్పు సగం ఇళ్లు ఆ 500 మీటర్లలోనే పడ్డాయి. బయటివాళ్లు అడుగు పెట్టాలంటే ప్రత్యేక అనుమతి. వాగవతలివాళ్లకు చెయ్యి ఊపడం కూడా నిషేధమే!

తేదీలసంగతి: మధ్యలో ఒక సవరణ. ‘బెర్లిన్‌తోపాటు 1961లో గోడ కట్టారు’ అని చాలాచోట్ల రాస్తుంటారు, అది తప్పు. 1952లో చెక్కపలకల దడి, తర్వాత ముళ్లతీగ, 1966లో కాంక్రీటు గోడ: పొడవు 700 మీటర్లు, ఎత్తు 3.3. సుమారు 1,400 కిలోమీటర్ల సరిహద్దులో ఎక్కువచోట్ల ఇనుప జాలీ కంచే. ఇళ్లు హద్దును ఆనుకున్నచోట జాలీలోంచి చూపులూ సైగలూ దాటిపోతాయి కాబట్టే ఇక్కడ గోడ కావాల్సి వచ్చింది.

పాతపటం: సరే. 1989 డిసెంబరు 9న నడకదారి తెరిచారు. 1990 జూన్ 17న మ్యూజియానికి కొంత ముక్క ఉంచి గోడ కూల్చారు. అయినా పడమటి సగం ట్యోపెన్ కిందే, తూర్పు సగం తురింజియాలోని గెఫెల్ కిందే. పిన్‌కోడ్లు రెండు, ఫోన్ కోడ్లు రెండు. ఇది 1952 చేసిన పనా?

గట్టుమీద: కలపడానికి దారి లేకపోలేదు. జర్మనీ రాజ్యాంగం 29వ అధికరణం ప్రకారం 50,000 మందికి మించని ప్రాంతాన్ని రెండు రాష్ట్రాల ఒప్పందంతో మార్చవచ్చు, స్థానిక సంస్థల మాట వినాలంతే. 1993లో తూర్పు జర్మనీలో ఉండిన ఆమ్ట్ నోయ్‌హౌస్ అనే ప్రాంతం పడమటి రాష్ట్రం లోయర్ సాక్సనీకి వెళ్లింది కదా.

తేదీలసంగతి: ఆ పోలిక ఇక్కడ అతకదు. నోయ్‌హౌస్ 1945 దాకా హనోవర్‌దే (ఇప్పటి లోయర్ సాక్సనీలో కలిసిన ప్రాంతం). ఎల్బే నదికి అవతల ఉందని సోవియట్ మండలానికి అప్పగించారు, అందుకే ‘తిరిగి’ వెళ్లగలిగింది. మ్యోడ్లారాయిట్ తూర్పు సగం 1810లోనూ బవేరియాది కాదు, ఈ ముక్కలో పాతపటం గారిదే పైచేయి.