బీపీ పేషెంట్ల మీద థీసిస్, టీచింగ్ ప్రోగ్రామ్ కాకుండా ఇంకేం చేయొచ్చు?

కొబ్బరాకు:

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక కొన్నాళ్లు విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (డాక్టర్ లేని చోట మామూలు జబ్బులు చూసి మందులిచ్చే నర్సు పోస్టు) చేశాను, ఇప్పుడు ఎంఎస్సీ కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్. థీసిస్ టాపిక్ ఇవ్వాలి. మా కాలేజీలో ఏ సీనియర్ బైండింగ్ తీసి చూసినా ఒకటే టైటిలు, ఫలానా దాని మీద స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ఎంత పనిచేసింది అని. ముందు ఓ క్వశ్చనీర్, తర్వాత చార్టు పెట్టి క్లాసు, వారం పోయాక మళ్లీ అదే క్వశ్చనీర్, మార్కులు పెరిగాయి, తేడా కాకతాళీయం కాదని చూపించే పీ వాల్యూ వచ్చింది, అయిపోయింది. మా గైడ్ మేడమ్ కూడా అదే చేసెయ్యమ్మా టైమ్‌కి అయిపోద్ది అంటున్నారు.

నేను క్లినిక్‌లో చూసింది మాత్రం వేరే. బీపీకి ఉప్పు తగ్గించాలని తెలియనోళ్లు మా ఊళ్లో లేరు, ఆవకాయ కలుపుకుంటూనే చెప్తారు ఉప్పు తినకూడదటమ్మా అని. ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బులు) సర్వేలో ఆశా ఇంటింటికీ వెళ్లి చూసి యాప్‌లో ఎక్కిస్తుంది, బీపీ ఉందని తేలినవాళ్లు మొదటి నెల వచ్చి బిళ్ళలు పట్టుకెళ్తారు, రెండో నెలా వస్తారు, ఆ తర్వాత చాలామంది కనపడరు. ఏం పెద్దాయనా రాలేదే అంటే "బానే ఉందిగా, తల తిరగట్లేదు" అంటారు.

రెండు ఊళ్లు తీసుకుని, బీపీ ఎక్కువున్నవాళ్లకి ఆశాతో గుర్తు చేయించి, ఆరు నెలలకి తగ్గిందో లేదో చూద్దామని నా ప్లాను. ఇలాంటివి మనవైపు ఎవరైనా చేశారా? పీహెచ్‌సీ డాక్టర్లు, రీసెర్చ్ వాళ్లు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

లంకలోడు:

మనవైపా! గోదావరి జిల్లాల్లో ఇరవై ఏళ్ల నుంచీ ఇదే పని నడుస్తోందండీ, కాకపోతే ఆ పేపర్లు మన కాలేజీల్లో ఎవరూ చదివించరు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరుల్లో 45 ఊళ్లు తీసుకుని, దాదాపు లక్షా 80 వేల జనాభా, ఏడాదిపాటు ఎవరు చనిపోయినా ఇంటికెళ్లి ఎలా పోయారు, ముందు ఏం లక్షణాలున్నాయి అని అడిగి రాసుకున్నారు, వెర్బల్ అటాప్సీ అంటారు దాన్ని. పల్లెటూళ్లంటే విరేచనాలు, జ్వరాలు, పురుళ్లు అని అందరూ అనుకునే రోజులవి. తీరా చూస్తే మూడో వంతుకి కాస్త తక్కువ చావులు గుండెపోటు, పక్షవాతం లాంటివే. 2006లో అచ్చయింది.

ఆ వెంటనే 44 ఊళ్లలో ఇంకో ట్రయల్. ఒక పక్క డాక్టర్ కాని హెల్త్ వర్కర్ చేతికి ఇలా చూడు, ఇలా అయితే డాక్టర్ దగ్గరికి పంపు అని ఒక పద్ధతి రాసిచ్చారు, ఇంకో పక్క ఊళ్లో పోస్టర్లు, వీధి నాటకాలు, ర్యాలీలు పెట్టి ప్రచారం చేశారు. 2012లో రిజల్ట్ వచ్చింది. రిస్క్ ఉన్నవాళ్లని పట్టుకోవడం పెరిగింది. ప్రచారం వల్ల మాత్రం తేడా ఏమీ కనపడలేదు, జనానికి తెలిసిన విషయాల్లో కూడా. మీ గైడ్ మేడమ్ గారికి ముందు ఈ పేపరు ప్రింటు తీసి ఇవ్వండి.

మీ ప్లానుకి దగ్గరగా ఉన్నది మూడోది, స్మార్ట్‌హెల్త్ అని, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లది, పశ్చిమ గోదావరిలోనే 18 పీహెచ్‌సీలు, 54 ఊళ్లు. ఆశాలకి ట్యాబ్ ఇచ్చారు, ఇంటి దగ్గరే రిస్క్ లెక్క చూపిస్తుంది, ఆ వివరాలు పీహెచ్‌సీ డాక్టర్ ట్యాబ్‌కి పోతాయి, ఏ మందు మొదలెట్టాలో అందులో సలహా వస్తుంది, మళ్లీ ఎవరిని ముందు చూడాలో ఆశాకి లిస్టు వస్తుంది. ఆశాలు ఫాలోఅప్‌కి బాగానే తిరిగారు. 2019లో వచ్చిన పేపరు చూస్తే, పైబీపీ 140 లోపుకి వచ్చినవాళ్ల శాతంలో ఇది పెట్టకముందుకీ పెట్టాకకీ తేడా దాదాపు సున్నా. అంత డబ్బు, అంత టెక్నాలజీ పెట్టి! నాకైతే ఇది ఫెయిలైన స్టడీ అనిపించదు, మొత్తంలో బాగా పనికొచ్చేది ఇదే. గుర్తించడం, గుర్తు చేయడం రెండూ బాగా చేసినా ఒక్కోసారి బీపీ కదలదు అని నిజాయితీగా రాశారు కదా. మీరు కూడా గుర్తు చేయించడమే పెట్టుకున్నారు, అందుకే చెప్తున్నా.

ఓపీ_డ్యూటీ:

సిస్టర్, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. ప్రశ్న మంచిది, డిజైన్‌లో మాత్రం పెద్ద చిల్లు ఉంది. ఇవాళ బీపీ 164 వచ్చినవాళ్లందరినీ ఒక గుంపుగా పెట్టి, ఏమీ చేయకుండా వదిలేసి, మళ్లీ నెలకి చూడండి, గుంపు సగటు తగ్గే ఉంటుంది. ఆ రోజు ఎండలో నడిచొచ్చినాయన, కోడలితో పోట్లాడి వచ్చినావిడ, అలాంటివాళ్ల రీడింగు రెండోసారి మామూలుకి వచ్చేస్తుంది. రిగ్రెషన్ టు ద మీన్ అంటారు. మీరేమో అది మా ఆశా గొప్పతనం అని రాసేస్తారు. అందుకే ఏమీ కొత్తగా చేయని ఊళ్లు కూడా పక్కన ఉండాలి, అదీ ఒకటీ రెండూ కాదు. మీది రెండు ఊళ్ల స్టడీ, స్టాటిస్టిక్స్ తెలిసినవాడు చూస్తే మీ శాంపిల్ రెండు అంటాడు, ఊళ్లో ఎంతమంది ఉన్నా సరే, ఎందుకంటే ఒకే ఊరివాళ్లకి ఒకే ఆశా, ఒకే క్లినిక్, ఒకే ఆర్‌ఎంపీ.

ఇంకోటి, ఎవరూ పైకి చెప్పనిది. ఏదైనా ఎన్‌సీడీ రిజిస్టర్ తెరిచి బీపీ కాలమ్ మాత్రం పై నుంచి కిందికి చదవండి. 120/80, 130/80, 140/90, 130/80... మనుషుల రక్తం అంత రౌండుగా పారదు కదా. చివరి అంకె సున్నా ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి, డిజిటల్ మిషన్ అయితే పదింట్లో ఒకటి దగ్గర ఉండాలి, దానికంటే చాలా ఎక్కువ ఉంటే ఆ డేటాతో థీసిస్ రాయొద్దు. ముందు కొలవడం సరిచేయండి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో పెట్టి, రెండు రీడింగులు. లావుపాటి చేతికి పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కావాలి, అది మాత్రం ఏ సెంటర్‌లోనూ ఉండదు, నా అనుభవం.

మానేరు_పిల్ల:

అక్కా, నేను తెలంగాణల స్టాఫ్ నర్స్‌ని, ఎన్‌సీడీ క్లినిక్ చూస్తా. మా దగ్గర 2017ల షురూ అయిన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ ఉన్నది, ఫస్ట్ అయిదు రాష్ట్రాలల్ల మనది ఒకటి, పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ. దాంట్ల కొత్త మందు ఏం లేదు, కొత్త యంత్రం ఏం లేదు. అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ అసొంటి రెండు మూడు గోళీలతోనే రాష్ట్రం మొత్తానికి ఒకటే ప్రోటోకాల్, డాక్టర్ మారితే మందు మారదు. 30 రోజుల గోళీలు ఒక్కసారే ఇయ్యాలె, అది కూడా మండలం దాకా రాకుండ ఊరికి దగ్గర్ల ఉన్న సబ్ సెంటర్లనే. తర్వాత ఎన్‌సీడీ కిట్ అని సంచి కూడా ఇచ్చిన్రు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అరలతోని. ముసలామెకు కూలి ఇడిచిపెట్టి ఆటో కిరాయి పెట్టుకొని పోవుడు తప్పితేనే నాలుగో నెల గోళి లోపటికి పోతది, గంతే ముచ్చట.

లెక్క కూడ చూడు. మేము కంట్రోల్ శాతం తీసేటప్పుడు రానోళ్లను ఇడిచిపెట్టం. వంద మంది పేరు రాసుకుంటే వందతోనే భాగారం. వచ్చినోళ్లకు మంచిగున్నదని రాసుకుంటే ఎవ్వల క్లినిక్ అయినా అద్దం లెక్కనే మెరుస్తది. రానోళ్లంతా కంట్రోల్ల లేనట్టే. నీ థీసిస్ల గిది తప్పకుండ పెట్టు. స్టాక్ లేని నెలలు మాకూ అయినయి, అప్పుడు ఎంత తిరిగి పిలిచినా రారు, వచ్చినోళ్లు తిట్టిపోతరు, మేం మొకం ఎట్ల చూపియ్యాలె.

చింతచిగురు:

మీరంతా బిళ్ళ బిళ్ళ అంటున్నారు, ఒప్పుకుంటా, కానీ జనంతో మాట్లాడటమే వేస్టు అన్నట్టు చెప్పకండి. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఆదివాసీ ఊళ్లలో ఆడవాళ్ల గ్రూపులు పెట్టి చేసింది చూడండి, 2010లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. చార్టు పెట్టి క్లాసు పీకలేదు. పసిబిడ్డలు ఎందుకు చనిపోతున్నారు, మన ఊళ్లో అడ్డం ఏంటి, మనం ఏం చేయగలం అని వాళ్లచేతే నెలనెలా మాట్లాడించి, వాళ్లే తేల్చుకుని చేసుకునేలా చేశారు. మూడేళ్లలో నెలలోపు పిల్లల మరణాలు 32 శాతం తక్కువ, పోల్చిన ఊళ్లతో చూస్తే. మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులది కూడా అంతే, ఊరి ఆడమనిషికే నేర్పి, ఇంటికెళ్లి బిడ్డని చూడమని, అవసరమైతే మందు కూడా ఆవిడ చేతే ఇప్పించి, 39 ఊళ్లలో మూడో ఏడుకి నవజాత మరణాలు 62 శాతం తగ్గించారు, 1999 పేపరు. ఇవాళ దేశమంతా ఆశాలు బాలింత ఇంటికి ఆరుసార్లు వెళ్తున్నారంటే దాని పుణ్యమే.

బీపీకే చూసినా, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకల్లో 30 చోట్ల ప్రభుత్వ హెల్త్ వర్కర్లు మూడు నెలలకోసారి ఇంటికెళ్లి మాట్లాడి, బీపీ చూసి, పనికిరానివాళ్లని ట్రైనింగ్ అయిన డాక్టర్ దగ్గరికి పంపితే రెండేళ్లకి పైబీపీ మిగతా చోట్లకంటే ఓ 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది, 2020లో వచ్చింది కోబ్రా ట్రయల్ అని. అంటే ఇంటికెళ్లడం దండగ కాదు, ఇంటికెళ్లాక ఏం జరుగుతుందన్నదే లెక్క.

లంకలోడు:

చింతచిగురు గారూ, పనికిరానివాళ్లు కాదండీ, బీపీ లొంగనివాళ్లు 😀 మీరు చెప్పిన మూడింట్లోనూ ఇంటికెళ్లిన మనిషి చేతిలో ఏదో ఒకటి ఉంది, మందో, డాక్టర్ దగ్గరికి తెరిచిన దారో, ఊరి వాళ్ల నిర్ణయమో. మన ఆశా చేతిలో ఎక్కువసార్లు యాప్ ఒక్కటే ఉంటుంది.

కొబ్బరాకు:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. డాక్టర్ గారూ, నిన్న పాత సెంటర్‌కి వెళ్లి మీరన్న కాలమ్ చదివా, నవ్వాలో ఏడవాలో తెలీలేదు, పేజీలకి పేజీలు 130/80లే.

ఇక బీపీ తగ్గిందా అనే ప్రశ్న వదిలేస్తున్నా, నా థీసిస్ టైములో అది తేలేది కాదు. సర్వేలో బీపీ ఉందని తేలినవాళ్ల జాబితా పెట్టుకుని, అందులో ఎంతమంది డాక్టర్‌కి చూపించుకున్నారు, ఎంతమందికి మందు మొదలైంది, ఎంతమంది మూడో నెల, ఆరో నెల బిళ్ళలు తీసుకున్నారు, ఏ మెట్టు దగ్గర ఎక్కువమంది జారిపోతున్నారు అని చూస్తా, అదే రోజుల్లో క్లినిక్‌లో స్టాక్ ఉందా లేదా అని స్టాక్ రిజిస్టర్ పక్కన పెట్టి చూస్తా. జారిపోయినవాళ్లలో కొంతమంది ఇంటికెళ్లి కూర్చుని అడుగుతా. మేడమ్ ఒప్పుకున్నారు, క్వశ్చనీర్ లేకుండా థీసిస్ ఏంటే అని ఓ చూపు చూశారు గానీ.

డౌటు ఒకటి. మా ఊళ్లో చాలామంది ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో కొనుక్కుంటారు, కొందరు హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లి మూడు నెలలు ఉండి వస్తారు. వీళ్లని జారిపోయినట్టు రాయాలా?

ఓపీ_డ్యూటీ:

వేరే గడి పెట్టండి. మానేసినవాళ్లు, బయట కొనుక్కుంటున్నవాళ్లు, ఊరు వెళ్లినవాళ్లు, చనిపోయినవాళ్లు, నాలుగూ వేరువేరుగా. బయట కొంటున్నాం అన్నవాళ్లని ఆ స్ట్రిప్ చూపించమనండి, అందులో ఎన్ని ఖాళీ అయ్యాయో, ఏ మందో రాసుకోండి, చాలాసార్లు నొప్పి బిళ్ళ బయటపడుతుంది బీపీ బిళ్ళ అనుకుని వేసుకుంటున్నది. హైదరాబాద్ వెళ్లినవాళ్లకి ఫోన్ చేస్తే సరిపోతుంది.

రిజిస్టర్ డేటానే కదా అని ఎథిక్స్ కమిటీ వదిలెయ్యొద్దు, ఇంటికెళ్లి అడుగుతున్నారు కాబట్టి సంతకం చేయించుకోవాలి, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసు పర్మిషన్ లెటరు ముందే పెట్టుకోండి, అది రావడానికే టైం పడుతుంది. పేర్లు, ఆధార్ మీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించొద్దు, నంబర్లు ఇచ్చుకోండి.

మానేరు_పిల్ల:

ఆశా అక్కను కూడ అడుగు అక్కా, ఎవ్వలు ఎందుకు రాలేదో ఆమెకు ముందే ఎరుక. కానీ ఆమె ముంగట పేషెంట్‌ను అడగకు, నిజం చెప్పరు.