సమస్య: విడిది వెదకువాడె విడిది నొసగె

ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందరి మూడు పాదాలూ కవులు పూరించాలి. 'హార్బింజర్' అనే ఇంగ్లీషు మాట అర్థం, పుట్టుక పూరణలో పలకాలి. రాబోయేదానికి ముందు కనబడే గుర్తు అని నేటి అర్థం. గోదావరికి ఎర్రనీరు తగిలితే వరద వెనకే ఉందని లంకల్లో అనుకుంటారే, అలాంటిది.

రాజోలు పూరణ:

సేన కన్న ముందె శిబిరమ్ము కొఱకేగు
బంటె మొదట నాడు బసకు కర్త
మాట పాత మూట మరి విప్పి చూచిన
విడిది వెదకువాడె విడిది నొసగె

పాలకొల్లు పూరణ:

పెండ్లివారికన్న ముందుగా నేతెంచి
వసతి దొరకకున్న వరుని మామ
తనయ యింట నుంచె తరలివచ్చిన వారి;
విడిది వెదకువాడె విడిది నొసగె

పరిశీలన:

రాజోలు వారిది చక్కగా నిలిచింది. 12వ శతాబ్దిలో 'హెర్బెర్జెర్' అంటే బస ఇచ్చేవాడు, సత్రం నడిపేవాడు. 15వ శతాబ్దికి రాజపరివారానికో దండుకో ముందుగా వెళ్ళి బసలు కుదిర్చే మనిషయ్యాడు. 16వ శతాబ్దిలో ఆ మనిషి జారిపోయి, ముందు వచ్చేది అన్న భావం మిగిలింది. మూలం జర్మానిక్: 'హెరి' సేన, 'బెర్గన్' కాపాడటం. అందుకే పద్యం 'సేన'తో ఎత్తుకోవడం ఎంతో నచ్చింది. ముందు వచ్చేది అనే అర్థమే ఉన్న 'ప్రికర్సర్'లో ముందు అనే లాటిన్ ఉపసర్గ ఉంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు, 'ముందు' ఆ ఉద్యోగం తెచ్చిపెట్టిందే.

పాలకొల్లు వారి కల్పన కోనసీమ పెళ్ళిలా కళగా ఉంది, కానీ మాట ఊసే లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి, కూడా తప్పింది. 'ము'కు పు, ఫు, బు, భులతోనే మైత్రి, 'పె'తో కుదరదు. 'పెందలకడ వచ్చి' అంటే గణాలూ యతీ రెండూ సరిపోతాయి.

పాలకొల్లు: హార్బింజర్ మాట హార్బర్ నుంచి పుట్టిందనుకుని వదిలేశాను.

జవాబు: పుట్టలేదు, రెండూ తోబుట్టువులు. హార్బర్ కూడా మొదట తలదాచుకునే చోటే, రేవు అర్థం తర్వాతది. హార్బింజర్ మధ్యలో నకారం మెసేజ్ మెసెంజర్ అయినట్టే చేరింది.

పాలకొల్లు మరో పూరణ:

దండు ముందు నడచి దారి చూపక మున్ను
సత్రమొకటి నడుపు సామి యతడు
కొలువు మాఱి పిదప కొత్త పనికి బోయె;
విడిది వెదకువాడె విడిది నొసగె

పరిశీలన: భేష్! 'ముందు' చోటుకు, 'మున్ను' కాలానికి, రెండూ ఒకే పాదంలో ఒదిగాయి. అయితే అతని పని దారి చూపడం కాదు, బస చూడటం. 'తావు చూడక మున్ను' అనండి. దకార తకారాలకు యతి చెల్లుతుంది, గణాలు కదలవు.