అప్‌డేట్: అమ్మకి యాంటీ-సీసీపీ (కీళ్లవాతాన్ని పసిగట్టే రక్తపరీక్ష) చేయించాం

పొద్దున లేచాక గంట దాటినా అమ్మ వేళ్లు సాగడం లేదు, ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష) మాత్రం నెగటివ్, ఇది రుమటాయిడ్ కీళ్లవాతమేనా అని అడిగాను కదా. యాంటీ-సీసీపీ చేయించమన్నవాళ్లకి ముందుగా థాంక్స్. ల్యాబ్ హద్దు 20, అమ్మకి 184 వచ్చింది. హద్దుకి మూడు రెట్లు దాటితే 2010 నాటి వర్గీకరణలో (ఈ జబ్బుని పాయింట్లతో లెక్కకట్టే పద్ధతి) దానికే 3 పాయింట్లు, మొత్తం 6 వస్తే రుమటాయిడ్ కింద లెక్క. వాచిన చిన్న కీళ్లు, పెరిగిన సీఆర్‌పీ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష), ఆరు వారాలు దాటిన నొప్పి కలిపితే అమ్మకి 8.

ఆర్‌ఎఫ్ కాగితం చూసుకుని మూడు నెలలు నిశ్చింతగా కూర్చున్నాం, అదొక్కటే కడుపుమంట. ఈ జబ్బున్నవాళ్లలో నూటికి 20-30 మందికి అది నెగటివే ఉంటుందట! పైగా ఈ జబ్బు లేకున్నా హెపటైటిస్-సి లాంటివాటిలోనూ అది పాజిటివ్ రావచ్చు.

ఈ జబ్బుకిచ్చే మందు మెథోట్రెక్సేట్ మొదలైంది. వారానికి ఒక్కసారే, రోజూ కాదు. అందుకే మాత్రల డబ్బా మీద 'ఆదివారం' అని పెద్దక్షరాలతో రాసి అంటించాను. తోడుగా ఫోలిక్ యాసిడ్, మధ్యమధ్యలో లివర్ పరీక్షలు. యాంటీ-సీసీపీ మళ్లీమళ్లీ చేయించక్కర్లేదట, మందు పని చూడటానికి సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ (ఇదీ వాపుని చూపే రక్తపరీక్షే) చాలన్నారు. సీఆర్‌పీ 38 నుంచి 14కి దిగింది. నిన్న సీసా మూత నన్ను పిలవకుండా తనే తిప్పుకుంది.